పిల్లలకు చదవడం వచ్చేదాకా బడి ఏం చేయాలి, ఇల్లు ఏం చేయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రోగ్రెస్ కార్డులిచ్చే రోజున, తల్లిదండ్రుల సమావేశాల్లో, ఒక్కోసారి రావులపాలెం బస్సులో పక్క సీట్లోంచి కూడా టీచరుగా నాకు ఎదురయ్యే ప్రశ్నలివి. అడిగేవాళ్లలో ఎక్కువమంది కోనసీమ, నరసాపురం, భీమవరం వైపు ప్రాథమిక బడి పిల్లల అమ్మానాన్నలు, అమ్మమ్మలు, నాయనమ్మలు. అందుకే జవాబులన్నీ ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాశాను. ముందే ఒక మాట చెప్పాలి. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు నేర్పడం బడి బాధ్యత. ఇల్లు ఇంకో బడి కానక్కర్లేదు. ఇంటికి వేరే పని ఉంది, దాన్ని బడి ఎంత ప్రయత్నించినా పూర్తిగా చేయలేదు.

మా బాబుకి అక్షరాలన్నీ వచ్చండి. చదవమంటే మాత్రం చదవడు. ఎందుకని?

అప్పజెప్పడం వేరు, చూసి గుర్తుపట్టడం వేరు. అ ఆ ఇ ఈ అని మొదలుపెట్టి ఎక్కడా ఆగకుండా బండి-ర దాకా వెళ్లిపోయే పిల్లవాణ్ణి పిలిచి, మధ్యలో 'భ' మీద వేలు పెట్టి ఇదేంటో అడగండి. చాలామంది 'ప ఫ బ' అని లోపల పాడుకుంటూ వచ్చి అక్కడ ఆగుతారు. అంటే వాడికి వచ్చింది వరస, అక్షరం కాదు.

పైగా మన లిపి చిన్నదేం కాదు. ముప్పై పైచిలుకు హల్లులకు తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము అంటూ ఒక్కోదానికి డజనుకు పైగా గుణింతపు రూపాలు. ఆ మీద ఒత్తులు. ఇవన్నీ కలిస్తే పిల్లవాడు కంటితో పట్టుకోవాల్సిన రూపాలు కొన్ని వందలు. ఇంగ్లిష్‌లా ఇరవై ఆరుతో అయిపోయేది కాదు. కన్నడ లిపి అల్లికలో మనదానికి దగ్గర చుట్టం. కన్నడ పిల్లల మీద సొనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే కనిపించింది: ఇలాంటి లిపులు పూర్తిగా పట్టుబడడానికి ఏళ్లు పడుతుంది, మూడు నాలుగు తరగతుల్లోనూ పిల్లలు ఇంకా నేర్చుకుంటూనే ఉంటారు. కాబట్టి యూకేజీలో గుణింతం రాలేదని టెన్షన్ పడకండి.

ఇంట్లో చేయగలిగేది ఒకటుంది. అక్షరాలను వరసలో కాకుండా మాటల్లో చూపించండి. ప, డ, వ, ల, న, స. ఈ ఆరు చాలు. పడవ, వల, వడ, పనస, వలస చదివేయొచ్చు. అన్నీ మన పిల్లలు రోజూ వినే మాటలే. అట్టముక్కల మీద అక్షరాలు రాసిచ్చి కలిపి పెట్టమనండి. ఆరు అక్షరాలతో అయిదు మాటలు తనే చదివేశానన్న ధైర్యం వచ్చాక ఏడో అక్షరం అందించండి. అచ్చులూ హల్లులూ మొత్తం పూర్తయ్యేదాకా ఒక్క మాట కూడా చదివించకూడదన్న పాత పట్టుదల వల్లే చాలామంది పిల్లలకు మొదటి ఏడాదే చదువంటే విసుగు పుడుతోందని నా అభిప్రాయం.

కొబ్బరిని 'కొబరి' అని, చెట్టుని 'చెటు' అని చదువుతోంది. ఒత్తులెందుకు వదిలేస్తోంది?

ఒకటి రెండు తరగతుల్లో దాదాపు ప్రతి పిల్లా చేసేదే. చూపు గీత వెంట ఎడమ నుంచి కుడికి పరుగెడుతుంటుంది, ఒత్తేమో గీత కింద ఉంటుంది. దాంతో కన్ను దాన్ని దాటేస్తుంది. ఇంకో చిక్కు: చాలా ఒత్తులు హల్లుని తలకట్టు లేకుండా చిన్నగా రాసినట్టే ఉంటాయి గానీ త, న, మ, య, ర, ల ఒత్తుల రూపమే వేరు. వాటిని విడిగా చూపించి నేర్పాల్సిందే.

ముందు చెవికి పట్టించండి. గుడి, గుడ్డి. గడి, గడ్డి. మడి, మడ్డి. మీరు ఒకటి పలకండి, ఏది అన్నారో పాప చెప్పాలి. తర్వాత రెండూ రాసి చూపించండి. దీర్ఘాలకూ ఇదే పద్ధతి: మెడ, మేడ. వన, వాన. వంట చేస్తూ కూడా ఆడించొచ్చు, పుస్తకం అక్కర్లేదు. తేడా చెవికి తెలిశాక కన్ను దానంతటదే కిందికి చూడడం అలవాటు చేసుకుంటుంది.

ఏ తరగతికి ఎంత చదవడం వచ్చి ఉండాలి?

కేంద్రం 2021 జులైలో నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 2026–27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే పిల్లలందరికీ అర్థం చేసుకుంటూ చదవడం రావాలన్నది దాని లక్ష్యం. ఒకటో తరగతి చివరికి నాలుగైదు తేలిక మాటలున్న చిన్న వాక్యాలు చదవాలి. రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతి చివరికి కనీసం 60 పదాలు.

ఈ లెక్క దేశమంతటికీ కలిపి పెట్టింది. తెలుగులో 'రాలేకపోయినందువల్ల' అన్నది ఒక్క పదం. హిందీలో అదే మాట చెప్పాలంటే నాలుగైదు పదాలవుతాయి. అందుకని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పదాలు లెక్కపెట్టకండి. వేగం చూడాలంటే పిల్లవాడు మామూలుగా మాట్లాడినట్టు చదువుతున్నాడా, కూడబలుక్కుంటున్నాడా అన్నది చూస్తే చాలు.

ఇంట్లోనే తెలుసుకోవాలంటే ప్రథమ్ సంస్థ అసర్ సర్వేలో వాడే పద్ధతి తేలిక. ఆ సర్వే వాళ్లు 2005 నుంచి దేశంలోని పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లలతో చదివిస్తున్నారు. నాలుగు మెట్లుంటాయి: విడి అక్షరాలు, తేలిక మాటలు, ఒకటో తరగతి స్థాయిలో చిన్న పేరా, రెండో తరగతి స్థాయిలో చిన్న కథ. మీ పిల్లవాడు ఏ మెట్టు దగ్గర తడబడుతున్నాడో చూడండి. తరగతి ఏదైనా సరే, సాయం ఆ మెట్టు నుంచే మొదలవ్వాలి. పాఠ్యపుస్తకంలోంచి పెట్టకండి, బట్టీ పట్టేసి ఉంటారు. ఎప్పుడూ చూడని పేజీ ఇవ్వండి.

గడగడా చదివేస్తాడండి. ఏం చదివావురా అంటే నోరు తెరుచుకుని చూస్తాడు.

ఈ ప్రశ్న అడిగే అమ్మానాన్నలు తక్కువే. గడగడా చదివితే చాలు వచ్చేసిందనుకుంటారు మిగతావాళ్లు. అడిగినవాళ్లకు అభినందనలు చెప్పాలి.

చదవడం అంటే రెండు పనులు కలిసి జరగడం. అక్షరాల్ని మాటగా మార్చడం ఒకటి, ఆ మాటలు అర్థం కావడం రెండోది. గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో దీన్ని గుణకారంగా చెప్పారు. కూడిక కాదు, గుణకారం. రెండింట్లో ఏది సున్నా అయినా ఫలితం సున్నానే. అక్షరాలు వచ్చి భాష రాకపోతే గడగడా చదివే మీ అబ్బాయిలా ఉంటుంది. భాష బాగా వచ్చి అక్షరాలు రాకపోతే కథలు బ్రహ్మాండంగా చెప్పి పుస్తకం దగ్గర మూగబోయే పిల్లలా ఉంటుంది.

మొదటి సగం బడిలో వస్తుంది. రెండో సగం, అంటే మాటల నిధి, ఎక్కువగా ఇంట్లోనే పోగవుతుంది. మీరు వరి నాట్ల గురించో, చెరువులో రొయ్యలకు రాత్రిపూట ఏరేటర్లు ఎందుకు తిప్పుతారో, గోదారి నీళ్లు ధవళేశ్వరం దగ్గర ఎలా మళ్లి కాలువల్లోకి వస్తాయో పిల్లవాడితో మాట్లాడితే, రేపు పుస్తకంలో ఆనకట్ట అన్న మాట కనబడ్డప్పుడు వాడికి బొమ్మ కనబడుతుంది. మాట్లాడకపోతే అది నాలుగు అక్షరాల శబ్దమే. ఆడపిల్లైనా మగపిల్లవాడైనా పొలానికి, రేవుకి, సంతకి వెంట తీసుకెళ్లి అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పే నాన్న, చదవడం నేర్పుతున్నట్టే లెక్క. 'నోర్మూసుకుని కూర్చో' అనే ఇంట్లో ఆ సగం పెరగదు.

మేం చదువుకోలేదు కదండీ. మా వల్ల ఏమవుతుంది?

ఎంతైనా అవుతుంది. పైన చెప్పిన మాటల నిధికి డిగ్రీ అక్కర్లేదు. కథ చెప్పే నాయనమ్మ ఇంట్లో ఉంటే అది పెద్ద ఆస్తి. కథ వినే పిల్లలకు 'తర్వాత ఏమైంది' అన్న ఆత్రం అలవాటవుతుంది. పుస్తకంలో పేజీ తిప్పించేది ఆ ఆత్రమే.

ఇక చదివించడం సంగతి. పిల్లవాడు చదువుతుంటే పక్కన కూర్చుని వినండి. 'నాకు చదవడం రాదు, నువ్వు చదివి చెప్పు, ఇందులో ఏముందో' అనండి. బడిలో మేం అడిగితే పరీక్షలా ఉంటుంది. మీరు అడిగితే నిజంగా తెలియక అడిగినట్టు ఉంటుంది, వాడికి పెద్దరికం వస్తుంది. కరెంటు బిల్లు మీద పేరు, రేషన్ కార్డు, మందుల షాపు బోర్డు, పెళ్లి శుభలేఖ, సిమెంటు బస్తా మీద రాత అన్నీ చదివించండి. బస్టాండులో నిలబడితే రాజోలు, ముమ్మిడివరం, కొత్తపేట, ద్రాక్షారామం బోర్డులు వస్తూనే ఉంటాయి. అందులో 'ద్రాక్షారామం' చదివిన పిల్లకు ఒత్తుల పరీక్ష పాసైనట్టే.

రోజూ ఎంతసేపు చదివించాలి? ట్యూషన్ ఉంది కదా, చాలదా?

పది పదిహేను నిమిషాలు. కానీ రోజూ. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టి మిగతా రోజులు వదిలేస్తే దండగ.

ట్యూషన్‌లో సాధారణంగా జరిగేది హోంవర్కు, బట్టీ. అది వేరే పని, నేను కాదనను. ఈ పది నిమిషాలు దానికి బదులు కాదు. ఎలా ఉండాలో ఒకసారి చూద్దాం.

అన్నాలయ్యాయి, టీవీ ఆపేశారు. అరుగు మీదో మంచం మీదో పాప మీకు ఆనుకుని కూర్చుంది. ముందు అట్ట మీద బొమ్మ చూపించి 'ఏం జరుగుతుందంటావ్?' అని అడిగారు. మొదటి పేజీ మీరు చదివారు, మాట మాట కిందా వేలు జరుపుతూ. రెండో పేజీలో ఒక్క వాక్యం పాప చదవాలి. 'తాత కాలువ... గ... గటు...' అని ఆగింది. ఇక్కడే తొందరపడకూడదు. లోపల అయిదు లెక్కపెట్టండి. రాకపోతే 'కింద ఏముందో చూడు' అని ఒత్తు మీద వేలు పెట్టండి. అప్పటికీ రాకపోతే 'కాలువగట్టు' అని మీరే చెప్పేయండి. కొట్టడం, మొట్టడం, 'నిన్ననే చెప్పాను కదా' అనడం వద్దు. వాక్యం మళ్లీ మొదటి నుంచి చదవమనండి. ముక్కలు ముక్కలుగా చదివితే అర్థం జారిపోతుంది, రెండోసారి చదివినప్పుడు అతుక్కుంటుంది. తర్వాత మీరో పేజీ, తనో వాక్యం.

అయ్యాక ఒకటో రెండో ప్రశ్నలు. 'తాత ఎందుకు పరిగెత్తాడు? నువ్వైతే ఏం చేసేదానివి?' ఇలాంటివి. ప్రతి కథ చివరా 'నీతి ఏమిటి?' అని నిలదీసే అలవాటు నాకు అస్సలు నచ్చదు. కథ వింటున్నంతసేపూ పిల్ల మొహంలో ఉన్న వెలుగు ఆ ఒక్క ప్రశ్నతో ఆరిపోతుంది.

పాప ఆవులిస్తే ఆపేయండి.

తప్పు చదివితే వెంటనే దిద్దాలా? వాడు 'వెళ్తున్నాను' అని ఉంటే 'ఎల్తన్నాను' అని చదువుతున్నాడు.

ఇవి రెండు వేర్వేరు సంగతులు.

పిల్లవాడు 'గడ్డి'ని 'గడి' అని చదివితే అర్థం మారింది, దిద్దాలి. కొంచెం ఆగి, వాక్యం పూర్తయ్యాక. తనంతట తనే గుర్తించి వెనక్కి వచ్చి సరిచేసుకుంటే మెచ్చుకోండి, అది మంచి పాఠకుడి లక్షణం.

'వెళ్తున్నాను'ని 'ఎల్తన్నాను' అన్నాడంటే మాత్రం వాడు చదవలేక కాదు. పుస్తకంలో ఉన్నది చదివాడు, అర్థం చేసుకున్నాడు, ఇంటి మాటలో పలికాడు. చూత్తన్నాడు, ఒచ్చేత్తాను, ఏటి, అలాగేనండాయ్ అని మాట్లాడే ఇంట్లో పెరిగిన పిల్లవాడి నోటికి అదే సహజం. దాన్ని తప్పుగా లెక్కేసి పదిమందిలో నవ్వితే ఆ పిల్లవాడు రేపటి నుంచి నోరు విప్పడు. ఇలాంటి నవ్వు బడుల్లోనూ వినిపిస్తుంది, అది కష్టం కలిగించే విషయం. 'మనం ఇంట్లో ఇలా అంటాం, పుస్తకంలో ఇలా రాస్తారు' అని రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు. మూడో తరగతికి వచ్చేసరికి ఎక్కడ ఏది వాడాలో వాళ్లకే తెలిసిపోతుంది. రాతలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టు రాయించండి.

చదివేది ఇంగ్లిష్ మీడియం. తెలుగు చదివించి ఏం లాభం?

లాభం ఇంగ్లిష్‌కే. అక్షరానికీ శబ్దానికీ సంబంధం ఉందని, వాక్యానికి అర్థం ఉంటుందని, కథ ముందుకు నడుస్తుందని పిల్లవాడు ఒక భాషలో గ్రహిస్తే చాలు, రెండో భాషలో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు. అర్థమయ్యే భాషలో ఆ పని త్వరగా అవుతుంది. రాని భాషలో మొదలుపెడితే పైన చెప్పిన గుణకారంలో రెండో అంకె సున్నా దగ్గరే ఉండిపోతుంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనచోటల్లా కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధన ఉండాలని చెప్పింది.

మన రాష్ట్రంలో 2020–21 నుంచి ప్రభుత్వ బడి పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా వచ్చాయి. చాలా ఇళ్లలో ఆ తెలుగు పేజీ తెరిచినట్టే తెరిచి వదిలేస్తారు. అలా చేయకండి. ముందు తెలుగు పేజీ చదివించి, విషయం మాట్లాడుకుని, తర్వాత ఇంగ్లిష్ పేజీకి వెళ్లండి. పాఠం అప్పటికే తెలిసి ఉంటుంది కాబట్టి ఇంగ్లిష్ మాటలు పట్టుకోవడం తేలిక. ప్రైవేటు బడైతే తెలుగు కథల పుస్తకం ఒకటి ఇంట్లో ఉంచండి.

నేను కువైట్‌లో ఉంటాను. పాప మా అమ్మ దగ్గర ఉంది. నేనేం చేయగలను?

కోనసీమలో ఈ ప్రశ్న అడగని ఊరు లేదు. పశ్చిమ గోదావరిలోనూ అంతే.

కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక, దుబాయ్ గంటన్నర వెనక. పాప పడుకునే వేళకు మీరు ఇంకా డ్యూటీలో ఉండొచ్చు. వీడియో కాల్ కుదిరే రోజు కుదురుతుంది. అందుకని కాల్ మీదే ఆధారపడకండి. చిన్న కథల పుస్తకం ఒకటి ఇంట్లో కొనిపించి, పేజీలు ఫొటో తీసి పంపమనండి. మీకు వీలున్నప్పుడు ఆ పేజీలు చూస్తూ నెమ్మదిగా చదివి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టండి. పేజీ మారినప్పుడు 'ఇప్పుడు పేజీ తిప్పమ్మా' అని మామూలుగా అన్నట్టే అనండి. పాప పుస్తకం ఒళ్లో పెట్టుకుని వింటూ వేలు జరుపుకుంటుంది. ఎన్నిసార్లయినా వింటుంది. నాలుగు రోజులయ్యాక అదే కథ తను చదివి మీకు పంపుతుంది. అమ్మమ్మకు చదవడం వచ్చినా రాకపోయినా ఇది నడుస్తుంది.

కాల్ చేసినప్పుడు 'బాగా చదువుకుంటున్నావా?' అని అడిగితే 'ఆఁ' అని ఒక్క ముక్క వస్తుంది. 'ఆ కథలో మేకపిల్ల దొరికిందా?' అని అడిగి చూడండి.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? ఖరీదు కదా?

మొదట బడిలో అడగండి. చాలా బడుల్లో కథల పుస్తకాలు వస్తాయి, బీరువాలో తాళం వేసి ఉంటాయి. చిరిగిపోతే లెక్క చెప్పాల్సి వస్తుందని మావాళ్ల భయం. తల్లిదండ్రుల సమావేశంలో పదిమంది కలిసి 'పుస్తకాలు ఇంటికి పంపండి, చిరిగితే మేం అతికించి ఇస్తాం' అంటే ఆ తాళం తెరుచుకుంటుంది.

రెండోది శాఖా గ్రంథాలయం. మీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతోంది, అంటే దానికి మీరు డబ్బు కడుతూనే ఉన్నారు. మామూలుగా ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు. చాలాచోట్ల సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లడానికి కుదురుతుంది. రాజమండ్రి వెళ్తే గౌతమీ గ్రంథాలయం చూపించండి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లో పిల్లలకు పోటీలు పెడతారు. ఆంధ్ర గ్రంథాలయోద్యమానికి పితామహుడు అనిపించుకున్న అయ్యంకి వెంకటరమణయ్య పుట్టింది తూర్పు గోదావరి కొంకుదురులోనే. 1935లో పక్కనే కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. ఆ రోజుల్లో పుస్తకం ఊరి రేవుకే వచ్చేది. ఇప్పుడు మనం అమలాపురం దాకా బస్సెక్కడానికి బద్ధకిస్తున్నాం.

కొనాలంటే 'మంచి పుస్తకం', నేషనల్ బుక్ ట్రస్ట్ వంటి ప్రచురణ సంస్థల పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే వస్తాయి. డబ్బు ఖర్చు లేకుండా కావాలంటే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు బొమ్మలతో సహా ఉచితంగా చదవొచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. అక్కడ కథలకు స్థాయిలు వేసి ఉంటాయి. మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు వాక్యాలే, కొత్తగా చదివేవాళ్లకు సరిగ్గా సరిపోతాయి.

ఫోన్‌లో యాప్‌లు పనికొస్తాయా?

పక్కన మనిషి ఉంటే పనికొస్తాయి. పిల్ల చదువుతుంటే విని సరిచేసే గూగుల్ రీడ్ అలాంగ్ తెలుగులోనూ వచ్చింది. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష అనే ప్రభుత్వ యాప్‌లో పాఠాలు వస్తాయి. అయితే ఫోన్ చేతికిచ్చి మీరు వంటింట్లోకి వెళ్తే అయిదో నిమిషానికి పిల్ల రీల్స్‌లో ఉంటుంది. ఇది అందరికీ తెలిసిందే.

వరదల్లో బడి మూసేస్తారు. పుస్తకాలు కూడా తడిసిపోతాయి.

లంక గ్రామాల వాళ్లకు జులై నుంచి సెప్టెంబరు దాకా ఇదే బెంగ. 2022 జులై వరదలు ఎవరూ మరిచిపోలేదు. పంటు, అంటే ఏరు దాటించే పడవ, ఆగితే టీచరూ రాలేరు, పిల్లలూ వెళ్లలేరు.

నీళ్లు వస్తున్నాయని దండోరా పడగానే బియ్యం, ఆధార్ కార్డులతో పాటు పుస్తకాలు కూడా ప్లాస్టిక్ కవర్లో కట్టి అటక మీద పెట్టండి. కథల పుస్తకం ఒకటి మాత్రం వెంట తీసుకెళ్లండి. పునరావాస కేంద్రంలో పిల్లలకు పొద్దుపోదు. ఇరవైమంది పిల్లలకు ఒక పెద్దపిల్ల గట్టిగా చదివి వినిపిస్తే అందరికీ కాలక్షేపం, దానికీ అభ్యాసం.

తడిసిన పుస్తకాన్ని ఎండలో పడేయకండి, అట్ట వంకర తిరిగి పేజీలు బిరుసెక్కుతాయి. పేజీల మధ్య పాత న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టి నీడలో, ఫ్యాను కింద ఆరబెట్టండి. పేపర్లు తడవగానే మార్చండి. ఆరాక ఏదైనా బరువు పెట్టండి. పాఠ్యపుస్తకాలు పూర్తిగా పాడైతే హెడ్మాస్టర్‌కు చెప్పండి.

బడిలో టీచర్ని ఏం అడగాలి?

'మావాడు ఎలా చదువుతున్నాడండీ?' అంటే 'పర్వాలేదండి' అనే జవాబు వస్తుంది. దాంతో మీకేమీ తెలియదు. 'మా బాబు మాటలు చదువుతున్నాడా, పేరా చదువుతున్నాడా?' అని అడగండి. 'ఏ ఒత్తుల దగ్గర ఆగుతున్నాడు?' అని అడగండి. 'రోజూ ఒక్కసారైనా తను గట్టిగా చదివే వీలుంటుందా?' అని కూడా. నలభైమంది ఉన్న తరగతిలో ఒక పిల్ల పాఠం చదివితే మిగతా ముప్పైతొమ్మిది మంది వింటారు. అందువల్ల జంటలుగా చదివించడం, చదివే స్థాయిని బట్టి చిన్న గుంపులు చేయడం బాగా పనిచేస్తుంది. టీచర్ అలా చేస్తుంటే 'మావాణ్ణి వెనకబడ్డ గుంపులో వేశారు' అని గొడవకి వెళ్లకండి. ఆ గుంపులోనే వాడికి కావాల్సింది దొరుకుతుంది.

నాలుగో తరగతి. ఇంకా కూడబలుక్కునే చదువుతున్నాడు. ఆలస్యమైపోయిందా?

లేదు. కానీ నాలుగో తరగతి పుస్తకంతోనే కుస్తీ పట్టిస్తే మాత్రం ఇంకా ఆలస్యమవుతుంది. పాఠాలు కష్టమవుతున్న కొద్దీ వాడు చదవడం మానేసి గైడ్లో జవాబులు బట్టీ పడతాడు, మార్కులు వస్తాయి, విషయం దాగిపోతుంది. ఏ మెట్టు దగ్గర ఆగాడో అక్కడికి దిగిరండి. మాటల దగ్గర ఆగితే మాటలు, చిన్న పేరా దగ్గర ఆగితే చిన్న పేరాలు. ప్రథమ్ సంస్థ ఇలా తరగతిని పక్కన పెట్టి స్థాయిని బట్టి రోజూ కాసేపు నేర్పే పద్ధతిని చాలా రాష్ట్రాల్లో నడిపింది. కొన్ని నెలల్లోనే తేడా వస్తుంది. పదేళ్ల పిల్లవాడికి ఒకటో తరగతి పుస్తకం అందరి ముందూ ఇస్తే సిగ్గుపడతాడు. చెల్లికి చదివి వినిపించమని చెప్పి ఇవ్వండి, గర్వంగా చదువుతాడు.

అక్షరాలు తారుమారు చేస్తుంది. డిస్లెక్సియా అంటారే, అదేనా?

ముందు కళ్లు, చెవులు చూపించండి. బోర్డు కనబడక, సరిగ్గా వినబడక వెనకబడే పిల్లలు మనం అనుకునేదానికన్నా ఎక్కువ. జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాయి. వచ్చిన రోజు మీ పిల్లని బడి మానిపించకండి.

ప-వ, మ-య, ద-ధ లాంటి పోలికలున్న అక్షరాలు కలగలిసిపోవడం ఒకటి రెండు తరగతుల్లో మామూలే. అది చూసి భయపడక్కర్లేదు. కళ్లూ చెవులూ బాగున్నాయి, రోజూ బడికి వెళ్తోంది, మాటల్లో చురుకు, లెక్కల్లో పర్వాలేదు, శ్రద్ధగా నేర్పిస్తున్నారు, అయినా ఎనిమిదేళ్లు దాటాక కూడా నిన్న చదివిన మాట ఇవాళ కొత్తగా కనబడుతోంది, ఇంట్లో ఇంకెవరికైనా చదువు దగ్గర ఇలాగే కష్టమైంది అంటే పరీక్ష చేయించాలి. నిర్ధారణ మామూలుగా ఎనిమిదేళ్ల తర్వాతే చేస్తారు. మండలంలో సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రంలో ప్రత్యేక శిక్షణ ఉన్న టీచర్లుంటారు, అక్కడ మొదలుపెట్టండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ సమస్యకు కూడా చోటుంది. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు వస్తాయి. ఇది తెలివితక్కువతనం కాదు. 'మొద్దు' అన్న మాట ఇంట్లో ఒక్కసారి కూడా వినబడకూడదు.

కామిక్స్, జోకుల పుస్తకాలు చదివితే పర్వాలేదా?

భేషుగ్గా. క్రికెట్ పేజీ చదివినా చదివినట్టే.

చదివిన పుస్తకమే మళ్లీ మళ్లీ చదవమంటోంది. కొత్తది ఇస్తే తోసేస్తోంది. ఆపించాలా?

వద్దు. మొదటిసారి కథ తెలుసుకుంది. మూడోసారికి మాటలు గుర్తుపడుతోంది. పదోసారికి మీరు ఒక మాట వదిలేస్తే పట్టుకుని 'అక్కడ అలా లేదు' అంటుంది. అలా అన్న రోజున పుస్తకం తన చేతికిచ్చి, ఎలా ఉందో చదివి చూపించమనండి. కొత్త పుస్తకాన్ని పక్కనే మంచం మీద ఉంచండి, తనకు బుద్ధి పుట్టినప్పుడు తెరుస్తుంది.